షామియానా కింద విమాన కార్మికులు

బొగ్గు బాయిలో మనిషి పని దిగిపోయే రోజును, అంటే గనిలో రిటైరయ్యే రోజును, మా గోదావరిఖనిలో పెళ్లికంటే తక్కువగా చెయ్యరు. చివరి షిఫ్టు ముగించి పైకి రాగానే తోటివాళ్లు గేటు దగ్గరే దండలు వేస్తారు. ఓపెన్ జీపు ఎక్కించి, బ్యాండు మోగిస్తూ క్వార్టర్ దాకా తీసుకొస్తారు. క్వార్టర్ ముందు షామియానా, మైకు ఉంటాయి. మాట్లాడేవాళ్లు మాట్లాడాక భోజనాలు. మా బాపుకు ఆ రోజు ఏప్రిల్ నెలాఖరున వచ్చింది.

మా బాపు జ్ఞానయ్య సపోర్ట్‌మన్. బాయి లోపల పైకప్పు కుంగకుండా కింద ఆసరాలు నిలబెట్టడం ఆయన పని. కప్పు నిలబడి ఉన్నంతకాలం ఎవరికీ గుర్తుకు రాని పని అది. గుర్తు చెయ్యాలని ఆయన కూడా ఎన్నడూ అనుకోలేదు.

నేను ఆయన పెద్దబిడ్డను, ఫెబాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని. నీలాంబర్ ఎయిర్ అనే కంపెనీలో ఫస్ట్ ఆఫీసర్‌ని. అంటే విమానం ముందు గదిలో కుడి సీట్లో కూర్చునే పైలట్‌ని. ఎడమ సీటు క్యాప్టెన్‌ది. భుజాల మీద నాకు మూడు పట్టీలు, క్యాప్టెన్‌కు నాలుగు.

మా ఉద్యోగంలో ప్రతి పైలట్‌కూ ఒక సీనియారిటీ నెంబర్ ఉంటుంది. చేరిన రోజు ఇస్తారు. ఏ విమానం నడపాలి, ఏ ఊళ్లో ఉండాలి, పండుగకు సెలవు ఎవరికి, క్యాప్టెన్ ఎప్పుడు కావాలి, అన్నీ ఆ నెంబర్ మీదే నడుస్తాయి. కష్టపడి ముందుకు పోవడానికి లేదు. పైవాళ్లు పోతేనో, కొత్త విమానాలు వస్తేనో నెంబర్ కదులుతుంది. నా నెంబర్ మెల్లగా కదిలి కదిలి, ఫస్ట్ ఆఫీసర్లందరిలో నేను ముందు నిలిచాను. ఇక నాలుగో పట్టీయే అనుకున్న ఏడాది కంపెనీ దివాలా తీసింది. విమానాలు శంషాబాద్‌లో ఇంజన్లకు గుడ్డలు కట్టుకొని ఎండకు నిలబడ్డాయి. మేం ఎవరిళ్లకు వాళ్లం చేరాం.

కొన్నాళ్లకు కోర్టు ద్వారా కంపెనీని కొంటామని ఒకరు ముందుకు వచ్చారు. వస్తూ ఒక కాగితం పంపారు. క్యాప్టెన్లకు పాత నెంబర్లు, పాత జీతాలు అలాగే ఉంటాయట. ఎగిరినా ఎగరకపోయినా నెలకు కొన్ని గంటల జీతం ఖాయమన్న పాత పద్ధతి కూడా వాళ్లకు ఉంటుందట. ఫస్ట్ ఆఫీసర్లకు మాత్రం నెంబర్లు రద్దు. ఏడాదికోసారి తిరగరాసే కాంట్రాక్టు. ఎగిరిన గంటకే జీతం. వరుసలో ముందున్న కొద్దిమంది ఫస్ట్ ఆఫీసర్లను మాత్రం వెంటనే క్యాప్టెన్లను చేస్తారట. ఆ కొద్దిమందిలో మొదటి పేరు నాది. సంతకం పెట్టినవాళ్లు ఏ సంఘంలోనూ చేరకూడదు.

కింది ఫస్ట్ ఆఫీసర్లు దీనికి ఒప్పుకోలేదు. క్యాప్టెన్లూ మనమూ అందరం కలిసి ఒకే సంఘం పెట్టుకొని, ఒకే మాటగా మాట్లాడదామన్నారు. ఫోన్ గ్రూపుల్లో వారాల తరబడి వాదన నడిచింది. నేను ఎటూ చెప్పలేదు. జవాబు ఇవ్వాల్సిన ఆఖరి రోజు, బాపు పని దిగిపోయే రోజూ ఒకటే అయ్యాయి.

మా అవ్వ, అంటే అమ్మ, సుసన్నా నేను క్యాప్టెన్ అయిపోయినట్టే అప్పటికే చర్చిలో చెప్పేసింది. మొన్నటి ఆదివారం పాస్టర్ గారు ప్రార్థనలో 'క్యాప్టెన్ ఫెబా' కోసం దేవునికి స్తోత్రం చెల్లించారు కూడా. ఆ రోజు పొద్దున నేను ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుంటుంటే అవ్వ వచ్చి నా భుజం మీది పట్టీలను వేలితో తడిమింది.

"ఇంకొకటి ఇయ్యాల్నే కుట్టుకోరాదు? ఎట్లన్న వచ్చేదే గదా. మీ బాపు కండ్లారా చూస్తడు."

సంతకం పెట్టకుండా కుట్టుకుంటే అది నేరమవుతుందని చెప్పాను. అయితే జల్ది పెట్టు మరి అని వంటల దగ్గరికి పోయింది.

మధ్యాహ్నం పూట హైదరాబాద్ నుంచి ఒక కారు వచ్చి మా వీధి మొదట్లో ఆగింది. అందులోంచి ఇద్దరు దిగారు. ఒకరు క్యాప్టెన్ వీరేందర్. మా హైదరాబాద్ పైలట్లలో అందరికంటే సీనియర్. క్యాప్టెన్ల సంతకాలు పోగుచేస్తున్నది ఆయనే. నేను పెడితే మిగతావాళ్లు దారికి వస్తారని ఆయన నమ్మకం. రెండో మనిషి జూహీ. ఫస్ట్ ఆఫీసర్ల వరుసలో చిట్టచివరి నెంబర్ ఆమెది. నన్ను సంతకం పెట్టొద్దని అడగడానికి వచ్చింది. ఇద్దరినీ నేనే బాపు ఫంక్షన్‌కు పిలిచాను, కానీ ఒకే కారులో వస్తారనుకోలేదు. ఆమె బస్‌స్టాండ్‌లో నిలబడి ఉంటే ఆయన చూసి ఎక్కించుకున్నారట. దారి పొడుగునా ఇద్దరూ ఎండల గురించి మాట్లాడుకున్నారట.

వీరేందర్ గారు మా వీధిని తల తిప్పి తిప్పి చూశారు. ఆయన పుట్టి పెరిగింది ఇక్కడికి దగ్గర్లోని జ్యోతినగర్‌లోనే. తండ్రి కరెంటు ప్లాంటులో ఇంజనీరు. సైకిలు మీద వచ్చేంత దూరంలో ఉండి కూడా బాయి కాలనీలోకి ఒక్కసారీ రాలేదని, ఆ మాట తనకే ఇప్పుడు వింతగా ఉందని నాతో అన్నారు.

వాళ్లను షామియానాలో ముందు వరుసలో కూర్చోబెడుతుంటే లింగమూర్తి కాక వచ్చాడు. బాపు పనిచేసే బాయికి సంఘం సెక్రటరీ ఆయన. ఎవరు రిటైరైనా మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. సెక్రటరీ అంటే కాలనీలో ఎదురైనవాళ్లంతా దండం పెడతారు. వీళ్లెవరని అడిగాడు. మా పైలట్లని చెప్పాను. కంపెనీ దివాలా తీసిన సంగతి కాలనీ అంతటికీ తెలుసు. "సంఘం ముచ్చట మీదనే అచ్చిండ్రా?" అన్నాడు. అవునన్నాను. వెనక బ్యాండు చప్పుడు వినిపిస్తోంది, నా మనసు జీపు మీద ఉంది. ఆయన తలూపి వెళ్లిపోయాడు. మా దగ్గర ఆ మాటకు అర్థమేమిటో నేను మరిచిపోయాను.

బాపును జీపులోంచి దించారు. మెడలో దండలు చెవుల దాకా వచ్చాయి. ముఖం కడుక్కున్నా కనురెప్పల అంచున బొగ్గు అట్లాగే ఉంది. తలమీద రంగు తలపాగా చుట్టారు. ఆయన ఎవరి కళ్లలోకీ చూడలేక తన చెప్పుల వైపు చూస్తున్నాడు. నా యూనిఫాం చూశాక మాత్రం తల ఎత్తాడు. నేను సెల్యూట్ చేశాను. పైలట్లకు సెల్యూట్ చేసే అలవాటేమీ లేదు, అయినా చేశాను. ఆయన కూడా తెలియకుండానే చెయ్యి ఎత్తాడు. చుట్టుపక్కల వాళ్లు చప్పట్లు కొట్టారు.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. కప్పు ఆగదని జ్ఞానయ్య చెప్పిన చోట అడుగు పెట్టని షిఫ్టులే తనను ఇన్నాళ్లు బతికించాయని ఒకతను చెప్పాడు. బాపు టిఫిన్‌లో ఎండుచేపల వాసనకు గ్యాంగంతా ఆయన పక్కనే కూర్చునేదని ఇంకొకతను చెప్పాడు. ఆడవాళ్లు నవ్వారు. అప్పుడు లింగమూర్తి కాక మైకు అందుకొని గొంతు సవరించుకున్నాడు.

"ఇయ్యాల మన కాడికి పట్నం నుంచి విమాన కార్మికులు అచ్చిండ్రు. వాళ్ల కంపెనీ దివాలా తీసింది. కరెంటు కార్మికులు గానీ, బసంత్‌నగర్ సిమెంటు కార్మికులు గానీ, ఎవ్వలు కష్టమని అచ్చినా మనం మైకు ఇచ్చినం. గిప్పుడు విమాన కార్మికుల తరఫున కామ్రేడ్ వీరేందర్ మాట్లాడ్తడు."

వీరేందర్ గారు వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరైనా ఆ పేరుగలవాళ్లు ఉన్నారేమో అన్నట్టు. జూహీ దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లేచి లింగమూర్తి కాకకు సర్దిచెప్పబోయాను. కానీ అప్పటికే మైకు వీరేందర్ గారి చేతిలో ఉంది, జనం చప్పట్లు కొడుతున్నారు. మా దగ్గర ఒక పనివాళ్ల గుంపు సంఘం సంగతి మాట్లాడాలని వచ్చిందంటే నలుగురి ముందు మాట్లాడడానికి వచ్చిందనే అర్థం. మూలకు కూర్చొని గుసగుసలాడుకోవడానికి వచ్చారని ఎవరూ అనుకోరు.

వీరేందర్ గారిది విమానంలో ప్రయాణికులకు ప్రకటనలు చేసే గొంతు. మొదట బాపుకు నమస్కారం చెప్పారు. ఈయన బిడ్డ విమానం దింపితే గ్లాసులో నీళ్లు కదలవన్నారు. బాపు మళ్లీ చెప్పుల వైపు చూశాడు. అంతటితో ముగించి కూర్చోబోతే ముందు వరుసలోంచి పోశం ఊరుకోలేదు. పోశం బాపుతో కలిసి పనిచేసి, మూడేళ్ల ముందే దిగిపోయిన మనిషి. అసలు కష్టమేందో చెప్పమన్నాడు.

వీరేందర్ గారు చెప్పారు. తప్పించుకోలేదు. కాగితంలో ఉన్నదంతా మామూలు తెలుగులో ఒక్కొక్కటిగా చెప్పారు. గ్రూపుల్లో ఇంగ్లిష్‌లో చదివినప్పుడు అదంతా ఏదో ఏర్పాటులాగా కనిపించేది. మైకులోంచి వస్తుంటే వేరేగా వినిపించింది.

"అంటే సారూ," అన్నాడు పోశం, జూహీని చూపిస్తూ, "నీకు పాత నెంబరు ఉంటది, పాత జీతం ఉంటది. గీ పిల్లకు ఉండదు. గంతేనా?"

"ఇప్పటికి అంతే. ముందు విమానాలు ఎగరనివ్వండి. ఎగిరాక వీళ్ల కోసం నేనే అడుగుతాను."

వెనక నుంచి ఎవరో పెద్దగా నవ్వారు. అట్లా అడుగుతామని పోయినవాళ్లను తాము చాలామందిని చూశామని ఒకాయన అన్నాడు. నేను అనుకోనిది ఏమిటంటే, పోశం ఆ నవ్వినవాళ్ల మీద తిరగబడ్డాడు.

"నవ్వకుండ్రి. నేను మూడు సంఘాల జెండాలు మోసిన. భుజం కాయగాసింది గని నాకేం ఒరిగింది? సారు చెప్పింది నిజమే. మొదలు బాయి తెరవాలె. బాయే లేకుంటే సంఘం పెట్టి ఏం జేస్తరు, గోదారిల కలుపుతరా?"

లింగమూర్తి కాకకు ఆ మాట తగిలింది. ఏ జెండా నీకు ఏం చేసిందో పించను పడ్డ రోజున గుర్తు చేసుకొమ్మన్నాడు. ఇటు ఇద్దరు, అటు ముగ్గురు లేచారు. ఒక సంఘం వాళ్లు, ఇంకో సంఘం వాళ్లు, ఏ సంఘంతోనూ పడని వాళ్లు. బాపు ఫంక్షన్ కాస్తా బాయి గేటు దగ్గర సంఘాలు పెట్టే గేట్ మీటింగ్ అయిపోయింది. బాపుకు మాత్రం హాయిగా ఉన్నట్టుంది. తన మీది నుంచి అందరి చూపూ తప్పుకుంది కదా, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకొని వింటున్నాడు.

జూహీ లేచి మైకు అడిగింది. ఆమెది హైదరాబాద్ పాతబస్తీ. ఇంట్లో దక్ఖనీ ఉర్దూ మాట్లాడతారు.

"నా తెలుగు గలత్ ఉంటది, మాఫ్ చెయ్యండి. నేను వీరేందర్ సర్ కార్‌లో వచ్చిన. సర్ నాకు నీళ్లు ఇప్పించిండ్రు, ఏసీ నా దిక్కు తిప్పిండ్రు. మంచి మనిషి. కానీ ఈ కాగజ్ గురించి ఒక్క మాట మాట్లాడలే. ఎందుకంటే నాతో మాట్లాడితే సర్ దాని మీద దస్తఖత్ పెట్టలేరు."

వీరేందర్ గారి ముఖం ఎర్రబడింది. ఆయన కూర్చున్నచోటి నుంచే జవాబిచ్చారు. జూహీ అన్నది అబద్ధమని తాను అననన్నారు. కానీ తమ భయం కూడా వినాలన్నారు. కొన్నాళ్లు విమానం నడపకపోతే పైలట్ చేతికి విమానం ఇవ్వరు, మళ్లీ శిక్షణ, మళ్లీ పరీక్ష. యాభై దాటిన తన లాంటివాళ్లను ఇంకో కంపెనీ తీసుకోదు. ఈ కొనేవాళ్లు సంఘం పేరు విని వెనక్కి పోతే ఇంకెవరూ రారు. అప్పుడు క్యాప్టెనూ లేడు, ఫస్ట్ ఆఫీసరూ లేడు. అది స్వార్థమంటే స్వార్థమే అనుకోండి, కానీ పిరికితనం అనకండి అన్నారు.

ఆయన మాటల్లో నాకు తప్పు కనిపించలేదు. వారాలుగా నేను సంతకం పెట్టకుండా, పెట్టనని చెప్పకుండా ఉన్నదీ అందుకే. కాగితం నా బ్యాగులోనే ఉంది. వంట గిన్నెల పక్కన అవ్వ గరిటె పట్టుకొని నిలబడి నా వైపే చూస్తోంది. లింగమూర్తి కాక మైకు నాకు ఇచ్చాడు. నీ ముచ్చట కూడా చెప్పు బిడ్డా అన్నాడు.

మాట్లాడాలని అనుకొని వెళ్లలేదు కాబట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నాకు బాగా తెలిసిన దానితో మొదలుపెట్టాను. విమానం నేల మీదికి దించేటప్పుడు జరిగేది చెప్పాను. వేగం ఎక్కువైనా, ఎత్తు తేడా వచ్చినా, గాలి పక్కకు నెట్టినా, ముందు గదిలో ఉన్న ఇద్దరిలో ఎవరైనా సరే 'గో అరౌండ్' అనవచ్చు. ఆ మాట వినపడ్డాక రెండో మనిషి ఎందుకని అడగడు. విమానాన్ని మళ్లీ పైకి లేపాల్సిందే. అన్నది నిన్న మొన్న చేరిన పిల్లయినా, వింటున్నది ముప్పై ఏళ్ల క్యాప్టెన్ అయినా అంతే. ఎవరు సరి, ఎవరు తప్పు అన్నది తర్వాత, కింద దిగి, టీ తాగుతూ మాట్లాడుకోవచ్చు.

"నాకైతే ఈ కాగితం లాభమే," అన్నాను. "పెడితే రేపే క్యాప్టెన్‌ను. మా అవ్వ చర్చిల చెప్పింది, మీకందరికీ తెలుసు. ఎడమ సీట్ల నేను కూసుంటే నా కుడి దిక్కు జూహీ ఉంటది. వచ్చే ఏడు కాంట్రాక్టు ఉండాల్నా వద్దా అన్నది నేను రాసే రిపోర్టు మీద ఉంటది. నేను తప్పు చేస్తున్నప్పుడు ఆమె నోరు తెరుస్తదా? తెరవకుంటే ఆ తప్పు నాదా, ఆమెదా? వెనక కూసున్నోళ్లకు అదంత ఎరుకుంటదా?"

పోశం ఎవరూ అడగకుండానే మాట్లాడాడు. ఇందాకటి గొంతు కాదు.

"మా పోరడు ఒక కాంట్రాక్టర్ కాడ టిప్పర్ నడుపుతడు. బ్రేకు సక్కగ లేదని ఎరికైనా ఎక్కుతడు. ఎక్కనంటే రేపటి సంది రావద్దంటరు గదా. నేను మళ్ల జెండా మోయ, గది వేరే ముచ్చట. కానీ పిల్ల చెప్పింది మాత్రం నాకు సమజైంది."

నేను వీరేందర్ గారి వైపు తిరిగాను. ఆయన ముందు వరుసలో బల్ల పక్కన కూర్చొని ఉన్నారు. ఎదురుగా నిమ్మరసం గ్లాసు. ఆయనతో ఎన్నో రోజులు ఎగిరాను. ఆ మాట అనాలని ముందుగా అనుకోలేదు. మైకు కిందికి దించి, ఆకాశంలో ఎట్లా అంటానో అట్లాగే, గొంతు పెంచకుండా అన్నాను.

"క్యాప్టెన్, గో అరౌండ్."

ఆయన కుడి చెయ్యి ముందుకు కదిలింది. ఎడమ సీట్లో కూర్చునే మనిషి ఇంజన్లకు బలం పెంచేది ఆ చేతితోనే. అక్కడ ఇంజన్లు లేవు, నిమ్మరసం గ్లాసు ఉంది. చెయ్యి తగిలి అది బల్ల మీద దొర్లింది. "గోయింగ్ అరౌండ్" అన్న మాట ఆయన నోటి నుంచి వచ్చేసింది. ముప్పై ఏళ్లుగా ఆ మాటకు ఆయన ఇచ్చిన జవాబు అదొక్కటే.

తర్వాత తన చేతిని తానే చూసుకున్నారు. నిమ్మరసం ప్యాంటు మీద కారుతోంది. నవ్వారు. నవ్వి, ఇది విమానం కాదు ఫెబా, షామియానా అన్నారు. పక్కన ఉన్నవాళ్లు సార్ ఏమన్నాడని ఒకరినొకరు అడుగుతున్నారు.

ఆయన లేచి మైకు దగ్గరికి వచ్చారు. "పిల్ల గో అరౌండ్ అన్నది. నేను సరే అన్నాను," అన్నారు జనంతో. "అన్నాక వాదించే అలవాటు మాకు లేదు. ఈ కాగితాలు ఇవాళ పంపను. ఒకే సంఘమా, ఈ కాగితమా అని పైలట్లందరం కలిసి ఒక్కటే ఓటు వేసుకుంటాం. క్యాప్టెన్లకు వేరు, వీళ్లకు వేరు కాదు. ఓడిపోతే అప్పుడు చూద్దాం."

చప్పట్లు కొట్టారు కానీ అందరూ కాదు. పోశం పక్కన కూర్చున్న ఒకాయన వీళ్ల నోటికాడి బువ్వ పోయిందని గొణిగాడు. ఆ మాట కూడా నాకు వినపడింది.

ఎండ తగ్గుతుండగా ఓటు జరిగింది. మా క్వార్టర్ ముందు గదిలో, కూలర్ పక్కన, ఫోన్‌ను బియ్యం డబ్బా మీద నిలబెట్టుకొని ముగ్గురం కూర్చున్నాం. ముంబైలో, కొచ్చిలో, బెంగళూరులో మిగతా పైలట్లు ఎవరిళ్లలో వాళ్లు. ముందు వీరేందర్ గారే మాట్లాడారు. ఒక క్యాప్టెన్ ఆయన్ను నమ్మకద్రోహి అన్నాడు. ఇంకొకరు మాట పూర్తికాకుండానే లైను కట్ చేసి పోయారు. పైలట్లు సంఘం పెట్టుకుంటే టాక్సీ డ్రైవర్లకూ మనకూ తేడా ఏమిటని ఒకాయన అడిగాడు. టాక్సీ డ్రైవర్ బ్రేకు చూసుకొని ఎక్కుతాడు, అదీ తేడా అని జూహీ ఇంగ్లిష్‌లో చెప్పింది. ఆ మాట ఆమె ఎక్కడి నుంచి తెచ్చుకుందో నాకూ వీరేందర్ గారికీ మాత్రమే తెలుసు.

లెక్క తేలింది. ఒకే సంఘం, ఒకే మాట అన్నవాళ్లు ఎక్కువ. మరీ ఎక్కువ కాదు, కానీ ఎక్కువే. క్యాప్టెన్లలో సగానికి దగ్గరగా మాతో ఉన్నారు. అది నేను ఊహించలేదు. ప్రస్తుతానికి సంఘం సెక్రటరీగా ఎవరు ఉండాలన్న మాట వచ్చినప్పుడు అందరూ వీరేందర్ గారి పేరే అన్నారు. ఆయన వద్దన్నారు. సెక్రటరీ కుడి సీటు నుంచే ఉండాలి, ఎడమ సీటు నుంచి ఉంటే ఆ కొనేవాళ్లు రేపే వచ్చి నా భుజం మీద చెయ్యి వేస్తారు, నేను కరిగిపోతాను అన్నారు. నా పేరు చెప్పారు. ఎవరూ కాదనలేదు. కొనేవాళ్లకు ఆయనే ఫోన్ చేసి, పైలట్లందరి జవాబూ ఇక ఫెబా గారి దగ్గర్నుంచి వస్తుందని చెప్పారు. అవతలి మనిషి ఆలోచించి చెబుతామన్నాడు. ఏమని చెబుతారో ఇది రాస్తున్నప్పటికి కూడా నాకు తెలియదు.

బయటికి వస్తే భోజనాలు నడుస్తున్నాయి. వీరేందర్ గారు తడి ప్యాంటుతోనే బంతిలో కూర్చున్నారు. పోశం ఆయన విస్తట్లో మటన్ కూర రెండోసారి వేస్తూ, ఇది తిన్నాక విమానం లేవదు సారూ అంటున్నాడు. జూహీ పిల్లలకు ఫోన్‌లో విమానం బొమ్మలు చూపిస్తోంది.

బాపు దండలన్నీ తీసి మంచం మీద పెట్టి, లుంగీ కట్టుకొని గడప మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చొని, సంతకం పెట్టలేదని, నాలుగో పట్టీ ఇప్పట్లో రాదని, అసలు ఎన్నటికీ రాకపోవచ్చని చెప్పాను. ఆయన నా భుజాల వైపు తల తిప్పాడు.

"ఎడమ దిక్కు కూసుంటే ఏమన్న ఎక్కువ కనపడ్తదా?"

"లేదు బాపు. అంతే కనపడ్తది."

"మరింకేంది," అన్నాడు. నా భుజం మీది పట్టీలకు అంటిన దుమ్మును చేత్తో దులిపాడు. ఆయన వేళ్ల సందుల్లో నీలంగా దిగిపోయిన బొగ్గు మచ్చలు ఉన్నాయి, అవి ఎన్ని సబ్బులకూ పోవు. ఆ చెయ్యి నా భుజం మీద ఉన్నంతసేపు నాకు ఇంకే పట్టీ గుర్తుకు రాలేదు.

అవ్వతో చెప్పడమే కష్టమైంది. ఆమె విని గిన్నెల దగ్గరికి పోయింది. కళ్లు తుడుచుకోవడం చూశాను. ఉల్లిగడ్డలు కోసేది ఏమీ లేదప్పుడు. పాస్టర్ గారికి తను ఏం చెప్పాలో అదే ఆమె బాధ అనుకున్నాను. దగ్గరికి పోవడానికి ధైర్యం రాక షామియానా గుంజ పక్కనే నిలబడ్డాను.

అప్పుడే మా ఎదురింటి పూలమ్మ పళ్లెం పట్టుకొని కూర కోసం వచ్చింది. మైకులో జరిగిన దాంట్లో సగమే విన్నట్టుంది. మీ బిడ్డ క్యాప్టెన్ అయ్యిందా అక్కా అని అడిగింది.

మా అవ్వ గరిటెను కూరలో ముంచింది. వీధిలో నలుగురికీ వినపడేలా చెప్పింది.

"క్యాప్టెన్ ఏంది పూలమ్మా, క్యాప్టెన్లు మస్తుమంది ఉన్నరట. ఆ క్యాప్టెన్లందరికి మా ఫెబా సెక్రటరీ అయింది."

పూలమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. చూసి, పళ్లెం ఎడమ చేతిలోకి మార్చుకొని, లింగమూర్తి కాకకు పెట్టినట్టే నాకు దండం పెట్టింది.